ఫీల్డు వారీ వెతుకులాట: లైబ్రరీ కేటలాగ్ సెర్చ్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

లైబ్రరీ కేటలాగ్‌కి కొత్త సెర్చ్ పెట్టే పని ఈరోజు మొదలైంది. ఇంజన్ ఎలాస్టిక్‌సెర్చ్. దాని అడుగున నడిచేది లూసీన్ అనే సెర్చ్ ప్రోగ్రామ్, డగ్ కటింగ్ 1999లో మొదలుపెట్టినది. సోలర్ అనే ఇంకో సెర్చ్ ఇంజన్‌కీ పునాది అదే కాబట్టి ఇక్కడ రాసుకునేదాంట్లో చాలా భాగం సోలర్ వాడేవాళ్లకీ పనికొస్తుంది.

ఒక్కో పుస్తకం రికార్డులో శీర్షిక, రచయిత, అనువాదకులు, విషయం, ప్రచురణకర్త, సంవత్సరం, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), నాలుగు వాక్యాల పరిచయం ఉన్నాయి. వీటిలో ఒక్కోటీ ఒక ఫీల్డు. పాత సెర్చ్ వీటన్నిటినీ ఒకే ముద్దగా చూసేది. రచయిత పేరు కొడితే ఆయన రాసినవి, ఆయన మీద రాసినవి, పరిచయంలో ఎక్కడో ఆయన పేరు ఒకసారి తగిలినవి, అన్నీ కలగాపులగంగా వచ్చేవి. ఇప్పుడు కావలసింది రెండు. మామూలుగా పెట్టెలో ఏదో కొడితే సరైన పుస్తకం పైన రావాలి. ‘రచయిత:’ అని ముందు పెట్టి కొడితే రచయిత ఫీల్డులో మాత్రమే వెతకాలి.

రెండోది తేలిక, మొదటిది కష్టం అనిపిస్తుంది. కానీ రెండిటికీ మూలం ఒకటే. ఏ ఫీల్డులోని అక్షరాలు ఏ రూపంలో ఇండెక్స్‌లోకి, అంటే ఇంజన్ వెతికే పట్టికలోకి, వెళ్తున్నాయన్నది తేలకుండా ఏ క్వెరీ (ఇంజన్‌ని అడిగే ప్రశ్న) రాసినా లాభం లేదు. అందుకే ఈ వారం క్వెరీల జోలికి పోవడం లేదు, మ్యాపింగ్ (ఏ ఫీల్డు ఏ రకమో చెప్పే పట్టిక) మీదే కూర్చుంటాను.

మొదట చేసిన పని: డైనమిక్ మ్యాపింగ్‌ని ‘స్ట్రిక్ట్’ చేయడం. దీన్ని అలాగే వదిలేస్తే వచ్చిన ప్రతి కొత్త ఫీల్డునీ ఇంజన్ తనంతట తనే ఊహించి చేర్చుకుంటుంది. అక్షరాలు కనిపిస్తే ‘టెక్స్ట్’ రకం ఫీల్డు చేసి, దానికింద 256 అక్షరాల హద్దుతో ఒక ‘కీవర్డ్’ ఉపఫీల్డు పెడుతుంది. ఆ హద్దు దాటిన విలువ ఆ ఉపఫీల్డు ఇండెక్స్‌లోకి వెళ్లదు, ఎర్రర్ కూడా రాదు. ప్రయోగాలకి ఇది బాగానే ఉంటుంది. పదేళ్లు నడవాల్సిన కేటలాగ్‌కి మాత్రం ప్రతి ఫీల్డునీ మనమే పేరు పెట్టి పిలవాలి.

మంగళవారం

టెక్స్ట్, కీవర్డ్ అనే రెండు రకాల తేడా చెప్పకుండా ముందుకి పోలేను. ఫీల్డు సెర్చ్‌లో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి.

‘వాన కథలు’ అనే శీర్షిక టెక్స్ట్ ఫీల్డులోకి వెళ్తే, రాతని ముక్కలు చేసే అనలైజర్ దాన్ని ‘వాన’, ‘కథలు’ అని రెండు టోకెన్లు (ముక్కలు) చేస్తుంది. ఇండెక్స్‌లో ఉండేవి ఆ రెండే. ‘వాన కథలు’ అన్న మొత్తం మాట అక్కడ ఎక్కడా ఉండదు. అదే కీవర్డ్ ఫీల్డులోకి వెళ్తే మొత్తం ఒకే టోకెన్‌గా ఉండిపోతుంది, అక్కడ ‘వాన’ అని మాత్రమే వెతికితే దొరకదు. ఇక క్వెరీ వైపు: ‘మ్యాచ్’ క్వెరీ మనం కొట్టిన మాటల్ని కూడా ఆ ఫీల్డు అనలైజర్ గుండా పంపిస్తుంది. ‘టెర్మ్’ క్వెరీ పంపించదు, ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి పోలుస్తుంది. అందుకే టెక్స్ట్ ఫీల్డు మీద ‘వాన కథలు’ అని టెర్మ్ క్వెరీ వేస్తే సున్నా ఫలితాలు. పుస్తకం కళ్లెదురుగా ఉన్నా దొరకదు.

దీన్నిబట్టి ఒక్కో ఫీల్డుకీ జనం ఏం అడుగుతారో రాసుకున్నాను. శీర్షికలో ఒకటి రెండు మాటలు గుర్తుంచుకుని వస్తారు. కాబట్టి టెక్స్ట్. కానీ అక్షర క్రమంలో పేర్చడానికి అదే శీర్షిక మొత్తంగానూ కావాలి, కాబట్టి కింద ఒక కీవర్డ్ ఉపఫీల్డు. విషయం అనేది పక్కన పెట్టిన జాబితాలోంచి క్లిక్ చేసేది, మాటలతోనూ వెతికేది. అదీ రెండు రకాలుగా. సంవత్సరం అంకె. ఐఎస్‌బీఎన్ ముక్కలు కాకూడని సంఖ్య, కాబట్టి కీవర్డ్ మాత్రమే.

ఐఎస్‌బీఎన్‌ని టెక్స్ట్‌గా వదిలేస్తే ఏమవుతుందో చూడటానికి ‘అనలైజ్’ ఏపీఐకి (అనలైజర్ చేసే ముక్కల్ని చూపించే ఆదేశం) ఒకటి ఇచ్చాను. 978-0-306-40615-7 అన్నది 978, 0, 306, 40615, 7 అని ఐదు ముక్కలైంది. అనలైజర్‌లో మాటల్ని విడగొట్టే స్టాండర్డ్ టోకెనైజర్‌కి అడ్డగీత అంటే మాట ముగిసినట్టే. 978 అన్న ముక్క దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది కనుక ఆ సెర్చ్‌కి అర్థమే లేకుండా పోతుంది. కీవర్డ్ ఫీల్డుకి ‘నార్మలైజర్’ పెట్టుకోవచ్చు, అది విలువని ముక్కలు చేయకుండానే ఒకే రూపానికి తెస్తుంది. అడ్డగీతలూ ఖాళీలూ తీసేసే ఒక క్యారెక్టర్ ఫిల్టర్, పెద్దక్షరాలు చేసే ఇంకో ఫిల్టర్ దానికి ఇచ్చాను. పెద్దక్షరాలు ఎందుకంటే, పాత పది అంకెల ఐఎస్‌బీఎన్ చివర పది అనే విలువకి గుర్తుగా ఎక్స్ అనే ఇంగ్లిష్ అక్షరం వస్తుంది, దాన్ని కొందరు చిన్నదిగా రాస్తారు. నార్మలైజర్ సెర్చ్ చేసేటప్పుడు కూడా పనిచేస్తుంది కాబట్టి అడ్డగీతలతో కొట్టినా, లేకుండా కొట్టినా ఒకటే.

పది అంకెలదీ పదమూడు అంకెలదీ కలపడం మాత్రం సెర్చ్ ఇంజన్ పని కాదు. 2007 జనవరి నుంచి పదమూడు అంకెలే అధికారికం. పాతది 0-306-40615-2 అయితే ముందు 978 చేరుతుంది, చివరి తనిఖీ అంకె కొత్త లెక్కతో 7 అవుతుంది. కాబట్టి డేటా లోడ్ చేసే స్క్రిప్టులోనే మార్చి, రెండు రూపాలనూ ఒకే ఫీల్డులో జాబితాగా పెట్టాను. ఎవరి చేతిలో ఏ కాలపు పుస్తకం ఉన్నా దొరకాలి కదా.

బుధవారం

ఈరోజంతా రచయిత ఫీల్డుకే పోయింది. పోయిన సమయానికి తగ్గ ఫలితం దక్కింది.

తెలుగు పేర్లలో ఇనీషియళ్లు రాసే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. కె. వి. రమణ, కె.వి. రమణ, కె.వి.రమణ. కంటికి మూడూ ఒకటే. అనలైజ్ ఏపీఐకి ఒక్కొక్కటే ఇచ్చి చూశాను. మొదటిది ‘కె’, ‘వి’, ‘రమణ’ అని మూడు టోకెన్లు. రెండోది ‘కె.వి’, ‘రమణ’ అని రెండు. మూడోది మొత్తం కలిపి ‘కె.వి.రమణ’ అని ఒకే ఒక్క టోకెన్! అంటే మధ్యలో ఖాళీ వదలకుండా రాసిన రికార్డులన్నీ ‘రమణ’ అని వెతికేవాళ్లకి కనిపించవు. ఫీల్డు సరైనదే, డేటా సరైనదే, క్వెరీ సరైనదే. అయినా దొరకదు.

ఇది బగ్ కాదు. స్టాండర్డ్ టోకెనైజర్ యూనికోడ్ పద విభజన నియమాల ప్రకారం నడుస్తుంది. రెండు అక్షరాల నడుమ ఖాళీ లేకుండా చుక్క ఉంటే అక్కడ మాటని విరగ్గొట్టకూడదని ఆ నియమాల్లో ఉంది. వెబ్ చిరునామాల్లాంటివి ముక్కలు కాకుండా ఉండటానికి అది బాగా అక్కరకొస్తుంది. మన పేర్లకి మాత్రం అడ్డం.

కాబట్టి పేర్లకంటూ విడిగా ఒక అనలైజర్ తయారుచేశాను. టోకెనైజర్ కంటే ముందు నడిచే క్యారెక్టర్ ఫిల్టర్‌లో చుక్కని ఖాళీగా మార్చే ఒక్క పంక్తి చాలు. ఈ మార్పు శీర్షికలకి పెట్టలేదు. అక్కడ 3.5 లాంటి అంకెలు విరిగిపోకూడదు. ఒకే చుక్క, ఒక ఫీల్డులో అడ్డం, ఇంకో ఫీల్డులో అవసరం. ఫీల్డు వారీగా అనలైజర్ పెట్టుకునే సౌకర్యం ఎందుకుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇంకో సంగతి. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలు ఉంటారు, ఆ ఫీల్డు జాబితా అవుతుంది. మొదటి పేరు ‘పి. రాఘవ’, రెండోది ‘శర్మ కె.’ అనుకుందాం. “రాఘవ శర్మ” అని కోట్స్‌లో వెతికితే ఈ పుస్తకం రాకూడదు. రాదు కూడా, ఎందుకంటే జాబితాలో ఒక విలువకీ ఇంకో విలువకీ మధ్య ఇంజన్ 100 స్థానాల ఎడం వదులుతుంది. పొజిషన్ ఇంక్రిమెంట్ గ్యాప్ అనే ఆ సెట్టింగ్‌ని అలాగే ఉంచాను.

రచయిత, అనువాదకులు, సంపాదకులు అన్న పాత్రల్ని ఎలా పెట్టాలన్నది కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. పేరు, పాత్ర అనే జతల జాబితాగా పెడితే చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ మామూలు ఆబ్జెక్ట్ జాబితాని ఇంజన్ చదును చేసేస్తుంది. పేర్లన్నీ ఒక వైపు, పాత్రలన్నీ ఒక వైపు చేరి, ఏ పేరుకి ఏ పాత్రో అన్న లంకె తెగిపోతుంది. అనువాదకుడిని రచయితగా వెతికినా దొరుకుతాడు. ‘నెస్టెడ్’ రకం పెడితే లంకె నిలుస్తుంది, కానీ ప్రతి జతా లోపల వేరే డాక్యుమెంట్ అవుతుంది, క్వెరీ రాయడమూ బరువెక్కుతుంది. ఇక్కడ పాత్రలు మూడే, రేపు ముప్పై అయ్యేవి కావు. మూడు మామూలు ఫీల్డులు పెట్టేశాను. పాత్రలు ఎన్నో ముందే తెలియని చోట నెస్టెడ్ తప్పదు.

శుక్రవారం

కంటికి కనిపించని అక్షరాల రోజు.

‘సాఫ్ట్‌వేర్’ అనే మాటని తెలుగు కీబోర్డుల మీద రెండు రకాలుగా కొడతారు. ట్ కింద వ వత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి కొందరు, అది లేకుండా కొందరు. ఆ గుర్తుకి వెడల్పు లేదు, తెరమీద చోటు తీసుకోదు. టోకెన్‌లో మాత్రం మిగతా అక్షరాల్లాగే అదీ ఒకటి. అంటే ఒక రూపం కొట్టినవాళ్లకి రెండో రూపంలో ఉన్న పుస్తకాలు రావు. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటలు ఎక్కువున్న శీర్షికల్లో, అంటే కంప్యూటర్, సైన్స్, వైద్యం పుస్తకాల్లో, ఇది అడుగడుగునా తగులుతుంది.

ఐ-కారంలో ఇంకో చిక్కుంది. ‘కై’ లోని గుర్తుని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎ-కారం గుర్తు, దాని కింద ఐ-కారపు భాగం అని రెండు సంకేతాలుగా రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది, కానీ ఆ సమానత్వం దానంతట అది ఇండెక్స్‌లోకి రాదు. మనం నార్మలైజ్ చేయాలి.

ఐసీయూ ప్లగిన్ (యూనికోడ్ పనులు చేసే అదనపు భాగం) వేసి, దాని నార్మలైజర్‌ని ఎన్‌ఎఫ్‌కేసీ కేస్‌ఫోల్డ్ అనే యూనికోడ్ పద్ధతిలో అన్ని టెక్స్ట్ ఫీల్డులకీ పెట్టాను. అది ఐ-కారం రెండు రూపాలనూ ఒకటి చేస్తుంది. వెడల్పు లేని ఆ నాన్ జాయినర్‌ని కూడా తీసిపారేస్తుంది. దాని తర్వాత ‘డెసిమల్ డిజిట్’ ఫిల్టర్: తెలుగు అంకెల్లో ౧౯౫౨ అని ఉన్నా, 1952 అని ఉన్నా టోకెన్ ఒకటే. పాత పుస్తకాల పరిచయాల్లో తెలుగు అంకెలు బాగానే ఉన్నాయి.

ఈ మూడు మార్పులూ ఏ ఫీల్డుకైనా మంచే చేస్తాయి, కీడు చేయవు. ఒక ఫీల్డుకి మేలూ ఇంకో ఫీల్డుకి కీడూ చేసేవి రేపటికి ఉన్నాయి.

శనివారం

విభక్తులు, బహువచనాలు.

‘పుస్తకం’ అని వెతికినవాళ్లకి ‘పుస్తకాలు’, ‘పుస్తకంలో’, ‘పుస్తకానికి’ ఉన్న శీర్షికలు కూడా రావాలి. ముందు అక్షరాల ముక్కలతో, అంటే ఎడ్జ్ ఎన్‌గ్రామ్‌తో సరిపెట్టొచ్చా అని చూశాను. కుదరదు. ‘పుస్తకం’ మనకి మూడు అక్షరాలు: పు, స్త, కం. ఇంజన్‌కి ఏడు సంకేతాలు: ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. ‘పుస్తకాలు’ మొదటి ఆరు సంకేతాల దాకా దీనితో కలిసి నడిచి, ఏడో దగ్గర సున్న బదులు దీర్ఘం వస్తుంది. ముందుభాగం ముక్కలు ఎన్ని చేసినా ‘పుస్తకం’ అన్న పూర్తి మాట ‘పుస్తకాలు’ ముక్కల్లో ఎప్పటికీ ఉండదు.

కాబట్టి చివర్లు తీసేసే చిన్న ప్యాటర్న్ రీప్లేస్ ఫిల్టర్ రాశాను. ం, ాలు, ాల, ంలో, ానికి, ాన్ని. ఇవి తీసేస్తే అన్నీ ‘పుస్తక’ దగ్గర కలుస్తాయి. రెండు జాగ్రత్తలు. పొడవైన చివరని ముందు పట్టుకోవాలి. తీసేశాక కనీసం నాలుగు సంకేతాలు మిగలాలి, లేకపోతే ‘పాలు’ కాస్తా ‘ప’ అయిపోతుంది, ‘కాలు’ కాస్తా ‘క’ అవుతుంది. ఒట్టి ‘లు’ ఈ చివర్లలో లేదు, ఉన్నా ఆ హద్దు దాటదు, కాబట్టి ‘కథలు’ లాంటి పొట్టి మాటలు ఈ ఫిల్టర్‌కి అందవు. వాటికి స్టెమ్మర్ ఓవర్‌రైడ్ అనే ఫిల్టర్‌లో చేత్తో జాబితా ఇచ్చాను: కథలు, కథల, రెండూ కథ. ఈ జాబితా పెరుగుతూ ఉంటుంది.

దీన్ని రచయిత ఫీల్డుకి పెట్టొచ్చా? పెట్టకూడదు. ‘నరసింహం’, ‘నరసింహ’ వేరువేరు మనుషుల పేర్లు. సున్న తీసేస్తే ఇద్దరూ ఒకరైపోతారు. శీర్షికలో సున్న తీయడం సేవ, పేరులో సున్న తీయడం అన్యాయం. రచయిత పేరుతో వెతికేవాళ్లకి ఆ ఒక్క సున్న విలువ చాలా ఎక్కువ.

శీర్షికకి కూడా రెండు రూపాలూ ఉంచాను. అసలు ఫీల్డు మాటలు ఉన్నవి ఉన్నట్టు. దాని కింద ‘మూలం’ అనే ఉపఫీల్డులో చివర్లు తీసేసినవి. యథాతథంగా కలిసినదానికి ఎక్కువ బరువు, మూలంలో కలిసినదానికి తక్కువ. ‘పుస్తకాలు’ అని కొట్టినవాళ్లకి ‘పుస్తకాలు’ అని ఉన్నవే ముందు కనిపించాలి.

సోమవారం

ఇప్పుడు అసలు సెర్చ్ పెట్టె. ఎవరైనా ‘నరసింహం వాన కథలు’ అని కొడతారు. మొదటి మాట రచయిత, మిగతా రెండూ శీర్షిక. ఆ సంగతి వాళ్లు చెప్పరు, చెప్పమని అడగకూడదు కూడా.

చాలా ఫీల్డుల్లో ఒకేసారి వెతికే మల్టీ మ్యాచ్ క్వెరీని ‘బెస్ట్ ఫీల్డ్స్’ పద్ధతిలో, అన్ని మాటలూ ఉండాలన్న షరతుతో వేస్తే ఫలితాలు సున్నా. ఆ షరతు ఒక్కో ఫీల్డుకీ విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి మూడు మాటలూ ఒకే ఫీల్డులో ఉండాలని దాని అర్థం. షరతు సడలిస్తే ‘కథలు’ అన్న మాటున్న ప్రతి పుస్తకమూ దిగుతుంది. ఇలాంటి అవసరానికే ‘క్రాస్ ఫీల్డ్స్’ అనే పద్ధతి ఉంది. అది ఫీల్డులన్నిటినీ ఒకే పెద్ద ఫీల్డుగా భావించి, ఒక్కో మాట ఏదో ఒక ఫీల్డులో ఉంటే చాలంటుంది. సరిగ్గా కావలసింది అదే, కానీ ఒక నిబంధన ఉంది: ఆ ఫీల్డులన్నిటికీ అనలైజర్ ఒకటే అయి ఉండాలి. అనలైజర్లు వేరైతే ఇంజన్ వాటిని గుంపులుగా విడదీసి, అన్ని మాటలూ ఏదో ఒకే గుంపులో ఉండాలంటుంది. తర్వాత వచ్చిన ‘కంబైన్డ్ ఫీల్డ్స్’ క్వెరీదీ ఇదే నిబంధన.

వారమంతా ఫీల్డుకో అనలైజర్ పెట్టుకుంటూ వచ్చాం. ఇప్పుడు అందరికీ ఒకటే ఉండాలంటోంది. ఈ రెండూ ఎదురెదురు కోరికలు, రెండూ న్యాయమైనవే. ఫీల్డు సెర్చ్‌లో అసలైన డిజైన్ నిర్ణయం ఇదే అని నా అభిప్రాయం.

నేను తీసుకున్న దారి: ‘అన్నీ’ అని ఒక కొత్త ఫీల్డు. శీర్షిక, రచయిత, అనువాదకులు, సంపాదకులు, విషయం, పరిచయం ఫీల్డుల నుంచి ‘కాపీ టు’ సెట్టింగ్‌తో విలువలు అందులోకి వెళ్తాయి. కాపీ అయ్యేది అసలు విలువ, టోకెన్లు కాదు. కాబట్టి ‘అన్నీ’కి దాని సొంత అనలైజర్ ఉంటుంది: చుక్కలు విడిపోతాయి, చివర్లు పోతాయి, ఎంత ఉదారంగా ఉండాలో అంత ఉదారంగా. ఒక పుస్తకం ఫలితాల్లోకి రావాలా వద్దా అన్నది ఈ ఫీల్డు తేలుస్తుంది. వచ్చినవాటిలో ఏది పైన, ఏది కింద అన్నది అసలు ఫీల్డులు తేలుస్తాయి.

క్వెరీ రూపం ఇలా వచ్చింది:

తప్పనిసరి భాగం: ‘అన్నీ’ మీద మ్యాచ్, అన్ని మాటలూ ఉండాలి, బరువు 0.2
ఉంటే మంచిదనే భాగం: శీర్షిక బరువు 4, శీర్షిక మూలం 2, రచయిత 3, విషయం 1.5, పరిచయం 0.5
ఉంటే మంచిదనే భాగం: శీర్షికలో మాటలు అదే వరుసలో ఉంటే అదనంగా 3

‘అన్నీ’లో నరసింహ, నరసింహం కలిసిపోతాయి, అది తెలిసే ఒప్పుకున్నాను. రచయిత ఫీల్డులో సున్నతో సహా కలిసిన పుస్తకం పైకి లేస్తుంది, రెండో ఆయన పుస్తకాలు కిందికి వెళ్తాయి, పోవు. ‘రచయిత:నరసింహం’ అని అడిగితే ‘అన్నీ’ ప్రసక్తే లేదు. నేరుగా రచయిత ఫీల్డు, కచ్చితంగా ఆయన ఒక్కరే.

మంగళవారం

బరువులు పెట్టినా ఒక క్వెరీలో ఫలితాలు అర్థం కాని క్రమంలో వచ్చాయి. ‘కథ’ అని కొడితే, ప్రచురణ సంస్థ పేరులో ‘కథ’ ఉన్న ఒక వ్యవసాయ పుస్తకం కథా సంపుటాల కంటే పైన కూర్చుంది. నిన్నటి జాబితాలో రాయలేదు కానీ, అప్పటికి ప్రచురణకర్త ఫీల్డుకి కూడా ఒక చిన్న బరువు ఉంది.

‘ఎక్స్‌ప్లెయిన్’ ఆన్ చేసి స్కోరు లెక్క చదివాను. ఫలితాలకి స్కోరు వేసే బీఎం25 సూత్రంలో ఒక మాట ఎంత అరుదో చెప్పే ఐడీఎఫ్ అనే భాగం ఉంటుంది. అరుదైన మాటకి ఎక్కువ బరువు ఇవ్వాలన్న ఆలోచనని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించారు, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. లూసీన్‌లో ఈ లెక్క ఫీల్డు వారీగా జరుగుతుంది. అసలు కిటుకు అక్కడుంది. పదివేల రికార్డులు ఉన్నాయనుకుందాం. ఒక మాట 900 శీర్షికల్లో ఉంటే ఆ ఫీల్డులో దాని ఐడీఎఫ్ సుమారు 2.4. అదే మాట 9 ప్రచురణకర్తల పేర్లలో మాత్రమే ఉంటే అక్కడ దాని ఐడీఎఫ్ సుమారు 7. మాట ఒకటే, విలువ మూడింతలు. దానికి తోడు ప్రచురణకర్త ఫీల్డు పొట్టిది, పొట్టి ఫీల్డుకి సూత్రం ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది. మాట ఆ ఫీల్డులో ఉండటమే అసాధారణం కనుక ఇంజన్ దాన్ని గొప్ప ఆధారంగా చూస్తోంది. మనకది యాదృచ్ఛికం.

బరువు తగ్గించుకుంటూ పోయి సర్దవచ్చు, కానీ ఇంకో మాట దగ్గర మళ్లీ ఇదే వస్తుంది. ప్రచురణకర్తని మామూలు సెర్చ్ నుంచి పూర్తిగా తీసేశాను. ‘ప్రచురణ:’ అని అడిగినప్పుడు మాత్రమే ఆ ఫీల్డు పలుకుతుంది. ఉన్న ప్రతి ఫీల్డునీ సెర్చ్‌లో చేర్చాలన్న నియమం ఎక్కడా లేదు. చేర్చకపోవడమూ ఒక సెట్టింగే.

మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదాన్ని, ఫీల్డు పొడవుని ఎంతమేరకు లెక్కించాలో చెప్పే కే1 విలువ 1.2, బీ విలువ 0.75 సూత్రంలో అలాగే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లే ముందు చేయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

గురువారం

సెర్చ్ పెట్టెలో ఫీల్డు పేరు రాసే వ్యాకరణం.

ఇంజన్‌లో ‘క్వెరీ స్ట్రింగ్’ అనే రెడీమేడ్ క్వెరీ ఉంది, ఫీల్డు పేరు, కోలన్ అన్నీ దానికి తెలుసు. దాన్ని నేరుగా జనం ముందు పెట్టకూడదని నిశ్చయించుకున్నాను. కారణాలు చిన్నవి కావు. కోట్ గుర్తు ఒకటి మూయడం మర్చిపోతే ఎర్రర్ వస్తుంది. ‘శీర్షిక:వాన కథలు’ అని రాస్తే ‘వాన’ మాత్రమే శీర్షికలో వెతుకుతుంది, ‘కథలు’ డిఫాల్ట్ ఫీల్డుకి వెళ్లిపోతుంది; రెండూ శీర్షికలోనే కావాలంటే బ్రాకెట్లు పెట్టాలి. పుస్తకం పేరునే కాపీ చేసి ‘జీవశాస్త్రం: ఒక పరిచయం’ అని అతికిస్తే జీవశాస్త్రం అనే ఫీల్డు ఉందనుకుని అందులో వెతుకుతుంది. అలాంటి ఫీల్డు లేదు, అన్ని మాటలూ ఉండాలంటే ఫలితాలూ లేవు. పైగా సిబ్బంది కోసం పెట్టిన లోపలి గమనికల ఫీల్డు పేరు ఎవరైనా ఊహించి రాస్తే అందులోనూ వెతికేస్తుంది. ‘సింపుల్ క్వెరీ స్ట్రింగ్’ ఎర్రర్లు ఇవ్వదు, కానీ అందులో ఫీల్డు పేర్లు రాసే వీలే లేదు.

అందుకే కొట్టినదాన్ని విడదీసి అర్థం చేసుకునే చిన్న పార్సర్ మధ్యలో రాశాను. దానికి తెలిసిన పేర్లు కొన్నే: శీర్షిక, రచయిత, అనువాదం, విషయం, ప్రచురణ, సంవత్సరం. వీటిలో ఒకటి వచ్చి, దానికి ఆనుకుని కోలన్ ఉండి, కోలన్ తర్వాత ఖాళీ లేకుండా మాట మొదలైతేనే అది ఫీల్డు. మిగతా ఏ కోలన్ అయినా మామూలు అక్షరమే. ఫీల్డు విలువ ఇంకో ఫీల్డు పేరు వచ్చేదాకా సాగుతుంది. కాబట్టి

రచయిత:నరసింహం శీర్షిక:వాన కథలు

అంటే వాన, కథలు రెండూ శీర్షికకే చెందుతాయి, బ్రాకెట్లు అక్కర్లేదు. కోట్స్‌లో ఉంటే మాటలు అదే వరుసలో ఉండాలి. మూయని కోట్‌ని చివరిదాకా మూసినట్టే చూస్తుంది. ఐఎస్‌బీఎన్ రూపంలో పది లేదా పదమూడు అంకెలు కనిపిస్తే ఫీల్డు పేరు లేకపోయినా ఆ ఫీల్డుకే పంపిస్తుంది.

సంవత్సరం ఫీల్డుకి ‘1950-1960’ అని రాస్తే రేంజ్ క్వెరీ అవుతుంది. పాత రికార్డుల్లో ‘1952?’ లాంటివి ఉన్నాయి. అంకెల ఫీల్డులోకి అది వెళ్తే ఇంజన్ మొత్తం రికార్డునే తిరస్కరిస్తుంది. అందుకే లోడ్ చేసేటప్పుడు ప్రశ్నార్థకం తీసి అంకెని ఒక ఫీల్డులో, ఉన్నది ఉన్నట్టు రాసిన రూపాన్ని చూపించడానికి ఇంకో కీవర్డ్ ఫీల్డులో పెట్టాను. ఆ ప్రశ్నార్థకం కేటలాగ్ రాసినవారి నిజాయితీ. వెతకడానికి అడ్డం రాకూడదు, కానీ పోకూడదు కూడా.

సాయంత్రం లైబ్రేరియన్ మేడమ్ వచ్చి కూర్చున్నారు. మొదటి క్వెరీకే “ఈ పుస్తకం ఎందుకొచ్చిందండీ? నేను కొట్టిన మాట ఇందులో కనబడట్లేదే” అన్నారు. మాట పరిచయంలో ఉంది, మేం పరిచయం చూపించడం లేదు. హైలైట్ కలిపాను: ఏ ఫీల్డులో మాట కలిసిందో ఆ ఫీల్డు పేరు, చుట్టూ ఉన్న వాక్యం ఫలితం కింద కనిపిస్తాయి. ‘అన్నీ’ ఫీల్డుని హైలైట్ చేయకుండా అసలు ఫీల్డుల్నే చేయాలి, అప్పుడే చూసేవాళ్లకి అర్థమవుతుంది. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పారు: “పిల్లలు రచయిత అని రాయరండీ, రచన అని రాస్తారు.” పార్సర్‌లో ‘రచన’ కూడా రచయితకి మారుపేరుగా చేర్చాను.

శుక్రవారం

ఉన్న ఫీల్డుకి అనలైజర్ మార్చడం కుదరదు. టోకెన్లు అప్పటికే డిస్క్ మీద ఉన్నాయి. అందుకే మొదటినుంచీ అప్లికేషన్‌కి ఇండెక్స్ అసలు పేరు ఇవ్వకుండా ‘కేటలాగ్’ అనే అలియాస్ (మారుపేరు) మాత్రమే ఇచ్చాను. కొత్త మ్యాపింగ్‌తో కొత్త ఇండెక్స్ కట్టి, రీఇండెక్స్ చేసి, రికార్డుల లెక్క సరిచూసి, అలియాస్‌ని ఒకే ఆదేశంలో పాతదాని మీద నుంచి తీసి కొత్తదాని మీద పెట్టాను. వెతుకుతున్నవాళ్లకి ఏ ఆటంకమూ రాలేదు. పాత ఇండెక్స్‌ని ఇంకొన్నాళ్లు ఉంచుతాను.

పరీక్షకి మేడమ్ ఇచ్చిన ప్రశ్నల జాబితా ఉంది, ఒక్కోదానికీ పైన రావాల్సిన పుస్తకం ఏదో కూడా ఆవిడే రాశారు. దాన్ని ‘ర్యాంక్ ఎవాల్యుయేషన్’ ఏపీఐకి ఇచ్చి నడిపితే, సరైన పుస్తకం సగటున ఎంత పైన వస్తోందో ఒక్క అంకెలో తెలుస్తుంది. ఇకమీదట ఏ బరువు మార్చినా, స్టెమ్మర్ జాబితాలో ఏ మాట చేర్చినా, ముందు ఇది నడపాలి. ఇవాళ వచ్చిన అంకెని రిపాజిటరీలో మ్యాపింగ్ ఫైలు పక్కనే పెట్టాను.

వచ్చే వారానికి మిగిలినవి: ‘లు’తో ముగిసే పొట్టి మాటల జాబితా పూర్తి చేయడం, ఇంగ్లిష్ లిపిలో రచయిత పేరు కొట్టేవాళ్ల కోసం రచయిత ఫీల్డుకి లిప్యంతరీకరణ ఉపఫీల్డు, విషయం ఫీల్డులో ఒకే అర్థమున్న శీర్షికలకి పర్యాయపదాల ఫైలు. ఆ ఫైలుని ఇండెక్స్ వైపు కాకుండా సెర్చ్ అనలైజర్ వైపు పెడతాను, అప్పుడు కొత్త మాట చేర్చిన ప్రతిసారీ రీఇండెక్స్ చేయనక్కర్లేదు.